అన్నీ వచ్చాయి... మురుగు నీరే పోవడం లేదు!

మామిడికుదురు మండలంలో ఇవాళ లేనిదేమిటి? తారురోడ్డుంది. వైనతేయ మీద బోడసకుర్రు - పాశర్లపూడి వంతెన ఉంది. ఒకప్పుడు రేవులో పంటు కోసం గంటలకొద్దీ కాచుకున్న మనిషి, ఇప్పుడు మోటారు సైకిలెక్కి తిన్నగా అమలాపురం పోతున్నాడు. భూమి కింద గ్యాసుంది, భూమి పైన సెల్ టవరుంది. గల్ఫు డబ్బుతో లేచిన డాబాలున్నాయి. ఇన్ని ఉండీ ఎకరం, ఎకరంన్నర చేసుకునే రైతు ఇల్లు ఎందుకు నిలదొక్కుకోవడం లేదు? రేటు లేదంటారు, కూలి పెరిగిందంటారు, ఎరువు ప్రియమైందంటారు. అన్నీ నిజమే. కాని అసలు జబ్బు చేను గట్టు దిగువన, మురుగు బోదెలో ఉంది.

ఉదాహరణకి మన ఊళ్ళల్లో ఏ వీధిలోనైనా కనిపించే ఒక కుటుంబాన్ని అనుకుందాం. ఎకరంన్నర ఊడ్పు చేను, అరెకరం కొబ్బరి తోట. మూడు తరాల లెక్క చూద్దాం.

తాతగారి కాలంలో నీటికి లోటు లేదు. ధవళేశ్వరం ఆనకట్ట నీరు, 1850ల్లో గన్నవరం దగ్గర వైనతేయ మీద కట్టిన అక్విడక్టు దాటి మన నగరం లంకకి వచ్చింది. అప్పుడు వేసినవి అక్కుళ్ళు, కృష్ణకాటుకలు వంటి పొడుగు రకాలు. దిగుబడి తక్కువే గాని, చేలో మోకాలి లోతు నీరు నిలిచినా తట్టుకునేవి. గడ్డి పశువులకి, గింజ ఇంటికి, కొబ్బరికాయ చేతి ఖర్చుకి. అప్పు పెద్దగా లేదు, మిగులూ పెద్దగా లేదు.

తండ్రి కాలానికి పొట్టి రకాలు వచ్చాయి. 1966లో ఐఆర్-8 దేశంలోకి దిగింది. 1982లో మారుటేరు పరిశోధనా స్థానం నుంచి స్వర్ణ వచ్చింది. సార్వాకి తోడు దాళ్వా కుదిరింది. దిగుబడి పెరిగింది, పాక పోయి పెంకుటిల్లు వచ్చింది, పిల్లాడు కాలేజీకి వెళ్ళాడు. ఇది చిన్న మేలు కాదు. కాని ఒక్క సంగతి ఎవరూ గట్టిగా చెప్పలేదు. పొడుగు రకం ఓర్చుకున్న నీటిని పొట్టి రకం ఓర్చుకోదు. విత్తనం మారినప్పుడే మురుగు దారి కూడా మారాలి. కాలవ నీరు లోపలికి తెచ్చిన శ్రద్ధలో సగమైనా, ఆ నీటిని బయటికి పంపడంలో లేకపోయింది.

సర్కారుకి తెలియక కాదు. 1960ల్లో మిత్రా కమిటీ డెల్టా మురుగు సమస్య చూసింది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాలకి డ్రైనేజి సెస్సు చట్టమే చేశారు. అంటే మురుగు పోవడానికి రైతు నుంచి వేరే పన్ను వసూలు చేసే ఏర్పాటు ఏనాడో జరిగింది. పన్ను గుర్తుంది, పని మాత్రం ఏటేటా మరుపున పడుతోంది. డ్రెయిన్లలో గుర్రపు డెక్క, గట్లు జారి పూడిక, సముద్రం దగ్గర మొగలు ఇసకతో మూత. పల్లపు చేలల్లో నాలుగు రోజుల వాన పది రోజుల ముంపవుతోంది.

ఈలోగా గ్యాసు వచ్చింది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో బ్లోఅవుట్ లేచింది. 65 రోజులు మంట ఆరలేదు. చుట్టూ కొబ్బరి తోటలు మాడిపోయాయి. మర్నాటి సంవత్సరం నవంబర్ 6న తుపాను. లక్షల కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. మన ఉదాహరణ కుటుంబం అరెకరం తోటా అందులో ఉందనుకోండి. నాటు కొబ్బరి మళ్ళీ పెట్టి కాపు చూడాలంటే ఆరేడేళ్ళు. చేతి ఖర్చుకి కాయ లేని ఆ ఆరేడేళ్ళలోనే ఎన్నో ఇళ్ళ నుంచి గల్ఫు ప్రయాణాలు సాగాయి. అక్కడి నుంచి వచ్చిన డబ్బు డాబా కట్టింది, పెళ్ళిళ్ళు చేసింది. చేనులో నీరు తీయలేదు.

2014 జూన్ 27 మనం మరువలేని రోజు. నగరంలో తెల్లవారుజామున గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇళ్ళ పక్కన, తోటల మధ్య నుంచి పోయే గొట్టం అది. గ్యాసులోంచి తీసేయవలసిన నీటిని తీయకుండా పంపడం వల్ల గొట్టం తుప్పు పట్టిందని విచారణలో తేలింది. ఆలోచించండి. అక్కడా తీయాల్సిన నీరు తీయకపోవడమే! కొత్తది ఊళ్ళోకి తేవడానికి ఉన్న తొందర, దాన్ని జాగ్రత్తగా నిలబెట్టడానికి లేదు.

మనవడి కాలం 2011 నుంచి లెక్క. ఆ సార్వాకి కోనసీమ రైతు నాగలి దింపి పంట విరామం ప్రకటించాడు. దాదాపు 90 వేల ఎకరాలు బీడు పెట్టాడు. దేశమంతా ఇటు చూసింది, మోహన్ కందా కమిటీ వచ్చింది. గిట్టుబాటు ధర, ఉపాధి హామీ పనిని సేద్యానికి ముడిపెట్టడం, మురుగు డ్రెయిన్ల బాగు అప్పటి కోరికల్లో ముఖ్యమైనవి. 2022లో మళ్ళీ కోనసీమలో అదే మాట వినబడింది. పదకొండేళ్ళ తర్వాత కూడా రైతు అదే డ్రెయిన్ గురించి అడుగుతున్నాడంటే తప్పు రైతుదా?

ముంపు దెబ్బ అందరికీ ఒకటి కాదు. సొంత చేను ఉన్నవాడికి పంట పోతుంది. కౌలు రైతుకి పంటా పోతుంది, కౌలు బస్తాలూ మీద పడతాయి. 2019 చట్టంలో కౌలు కార్డుకి యజమాని సంతకం తప్పనిసరి చేశారు. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమానికి భయం. కార్డు లేకపోతే బ్యాంకు అప్పుకీ, నష్టపరిహారానికీ కౌలు రైతు ఎవరి మొహం చూడాలి? మునిగిన చేను ఒకరిది, డబ్బు పడే ఖాతా ఇంకొకరిది.

ఇక చెరువుల సంగతి. వరి మునుగుతోందని విసిగిన రైతు చేపకో రొయ్యకో చేను ఇచ్చేస్తున్నాడు. ఎకరానికి చేతికొచ్చే కౌలు చూస్తే ఆశ పుడుతుంది, తప్పు పట్టలేం. కాని చెరువు గట్టు లేస్తే పక్క చేను మురుగు దారి మూసుకుపోతుంది. ఉప్పునీరు ఊరితే పక్కవాడి కొబ్బరి మొవ్వు వాడుతుంది. ఒక్కడు తప్పుకుంటే పదిమంది మునుగుతారు. ఆ పదిమందీ రేపు తప్పుకుంటారు. శంకరగుప్తం డ్రెయిన్ గుండా పోటు నీరు ఎగదన్ని కేశనపల్లి వైపు కొబ్బరి చెట్లు మోడులైన సంగతి 2025లో రాష్ట్రమంతా చూసింది. పైనుంచి నీరు దిగని డ్రెయిన్లోకి కిందనుంచి సముద్రం ఎక్కుతుంది. మన మండలానికి అది హెచ్చరిక.

అలాగని చేతులు కట్టుక్కూర్చుంటే లాభం లేదు. మన చేతిలో ఉన్నవి మూడు.

ఒకటి, విత్తనం. పల్లపు చేలకి స్వర్ణ సబ్-1 ఉంది. 2009లో విడుదలైంది. పిలకల దశలో పది పన్నెండు రోజులు మునిగినా మళ్ళీ చిగురిస్తుంది. మారుటేరు వారి ఇంద్ర, అమర రకాలూ ముంపు నేలలకి పనికొస్తాయి. అయితే కోత వేళ పడిపోయిన పంటని ఏ విత్తనమూ లేపలేదు. అందుకే నారు ముందే పోసి, నవంబర్ తుపాన్లకి ముందే కోత అందేలా చూసుకోవాలి.

రెండు, బోదె. వేసవిలో కాలవలు కట్టిన రోజుల్లో ఆయకట్టు రైతులంతా కలిసి తమ చేల మురుగు బోదెలు తామే తవ్వుకోవాలి. గట్టు తెగ్గొట్టి బోదెలో కలుపుకున్న అరసెంటు అన్నదమ్ముడిదైనా సరే వదిలించాలి. ఇది చేదు మాటే, కాని మన తప్పు మనమే దిద్దుకోవాలి.

మూడు, అడగడం. పెద్ద డ్రెయినూ, సముద్రపు మొగా రైతు పారతో అయ్యేవి కావు. అది సర్కారు పని. జూన్లో చేలు మునిగాక కాదు, మార్చిలోనే అడగాలి. ఏ డ్రెయిన్లో ఎన్ని కిలోమీటర్లు పూడిక తీస్తున్నారో, ఎప్పటికి పూర్తి చేస్తారో పంచాయతీ దగ్గర బోర్డు మీద రాయించాలి. పని జరిగిందో లేదో ఊరే వెళ్ళి చూడాలి.

వంతెన వద్దనం, సెల్ ఫోను వద్దనం, చదువు వద్దనం. మనవడు అమెరికా వెళ్ళినా సంతోషమే. కాని ఇష్టపడి వెళ్ళడం వేరు, చేను మునిగి వెళ్ళడం వేరు. ఎకరంన్నర రైతు పిల్లాడు సేద్యం చేస్తానంటే వద్దురా నాయనా అనే పరిస్థితి పోవాలి. అందుకు ముందు చేలో నీరు పోవాలి.