ఎర్తు మీద బుగ్గ వెలిగించొద్దు

వానాకాలం మొదలైతే రైతు సోదరులు ముందుగా చూసుకునేది మోటరు. ఫ్యూజులు తీసి, స్టార్టరు డబ్బా విప్పి, లోపల చేరిన బల్లుల్ని, చీమల్ని దులుపుతారు. కేబులు ఎక్కడన్నా తెగిందేమో చూస్తారు. మంచిదే. మరి స్తంభం నుంచి మీ ఇంటి మీటరు దాకా వచ్చే సర్వీసు తీగను ఎప్పుడు చూశారు? దాన్ని ఏ ఏడాది వేశారో చెప్పగలిగిన ఇళ్ళు ఊళ్ళో ఎన్ని ఉంటాయి? మోటరు ఆగితే మడి ఎండుతుంది కాబట్టి దాని మీద కన్ను ఉంటుంది. ఇంట్లో బుగ్గ ఆరితే దీపం పెట్టుకుంటాం, పొద్దున చూద్దాంలే అనుకుంటాం. ప్రాణం పోయేది మాత్రం చాలాసార్లు ఈ ఇంటి తీగ దగ్గరే.

పోయిన జూన్‌లో పత్తి గింజల సంగతి కనుక్కుందామని వీపనగండ్ల మండలంలో ఒక ఊరికి పోయాను. సాయంత్రం గాలివాన కొట్టింది. వాన వెలిసినంక నేను కూర్చున్న ఇంట్లో తప్ప వాడకంతా కరెంటు వచ్చింది. పక్కింట్లో టీవీ మోగుతోంది, ఇక్కడ చీకటి. కొడుకు టెస్టరు తెచ్చి ప్లగ్గులో పెట్టాడు. ఒక రంధ్రంలో వెలిగింది, రెండో దాంట్లోనూ వెలిగింది. “కరెంటు రెండిట్ల వస్తుంది నాయనా, బుగ్గ ఎందుకు ఎలుగుతలేదు?” అన్నాడు.

ఈ గుర్తు మీరు బాగా మనసులో పెట్టుకోవాలి. స్విచ్చి వేసి ఉండగా రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలిగి, బుగ్గ వెలగలేదంటే కరెంటు ఎక్కువైనట్టు కాదు. నూట్రలు తీగ ఎక్కడో తెగినట్టు. ఫేజులో వచ్చిన కరెంటుకు తిరిగిపోయే దారి లేక, బుగ్గలోంచి దాటి అవతలి తీగలో నిలబడి ఉంటుంది. ఆ ఇంట్లో అప్పుడు రెండు తీగలూ ప్రమాదమే. బుగ్గ వెలగట్లేదు గదా అని హోల్డరులో చెయ్యి పెట్టేరు!

ఇంతలో వాడకట్టు వాళ్ళు చేరారు. తలా ఒక మాట. అందరి మాటా చివరికి ఒకటే: “బోరింగు పైపుకు ఒక తీగ కట్టు, ఎర్తు మీద ఎలుగుతది.” నిజమే, వెలుగుతుంది. మన ఊళ్ళల్లో ఈ పని తెలియని ఇల్లు లేదు. నూట్రలు పోతే భూమినే నూట్రలు చేసుకుంటాం.

పిలిపించిన ఎలక్ట్రీషియను ఐటీఐ చదివి ఇళ్ళ వైరింగు చేసుకునే పిల్లగాడు. అతను ఒప్పుకోలేదు. “ఎర్తు మీద ఇయ్య పెద్దనాయనా. పొద్దుగాల బోరింగు కాడ నీళ్ళు పట్టేటోళ్ళకు తగుల్తది” అన్నాడు. ఇంటాయనకు కోపం వచ్చింది. “ఐదు నిమిషాల పనికి ఇంత రామాయణమా? ఊరంత అట్లనే ఏసుకుంటున్రు” అన్నాడు. పిల్లగాడు మెయిన్ స్విచ్చి కిందికి దించి, లైన్‌మన్‌కు ఫోను కొట్టి, అరుగు మీద కూర్చున్నాడు.

ఆ పిల్లగాడు చేసింది ఎందుకు సరైన పనో కొంచెం లెక్క వేసి చూద్దాం. వంద వాట్ల బుగ్గలో పారే కరెంటు సుమారు 430 మిల్లీ ఆంపియర్లు. మనిషి ఒంట్లో 30 మిల్లీ ఆంపియర్లు పారితేనే పట్టుకున్న చెయ్యి విడవదు, ఊపిరి అందదు, ప్రాణం మీదికి వస్తుంది. ఎర్తు మీద నడిపితే బుగ్గ కరెంటు మొత్తం ఆ పైపు గుండా, దాని చుట్టూ ఉన్న మట్టి గుండా పోతుంది. మట్టి తడిగా ఉన్నన్నాళ్ళు పెద్దగా తెలియదు. ఎండాకాలం నేల ఎండితే కరెంటు భూమిలోకి సరిగ్గా దిగక పైపులోనే నిలుస్తుంది. బుగ్గతో పాటు ఇస్త్రీపెట్టె కూడా పెడితే చెప్పనే అక్కర్లేదు. ఇక ఆ తీగ పైపు నుంచి ఊడి కింద పడిందనుకోండి, దాని కొసలో 230 వోల్టులూ ఉంటాయి. ముట్టుకునేది బర్రె కావచ్చు, ఆడుకునే పిల్ల కావచ్చు.

లైన్‌మన్ వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది. ఇంకో ఊళ్ళో లైను మీద చెట్టుకొమ్మ పడితే అక్కడ ఉన్నాడట. వచ్చీరాగానే స్తంభం ఎక్కలేదు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయి ఏబీ స్విచ్చి దించాడు, ఫ్యూజులు తీసి తన సంచిలోనే వేసుకున్నాడు. తర్వాత టెస్టరుతో చూసి, లైను తీగలన్నిటినీ కలిపి ఎర్తుకు తగిలించాడు. “అంతా బందు చేసినవు గదా, ఇంక ఇదెందుకు?” అని అడిగాను. “ఎవరింట్లనో ఇన్వర్టరు ఉంటది సార్, అది ఎనక్కి కొడ్తది” అన్నాడు. వాడకంతా మళ్ళీ చీకటైందని గొణిగినవాళ్ళూ ఉన్నారు. ఒక ఇంటి కోసం అందరికీ తీయాల్నా అని. తీయాల్నే. వేరే దారి లేదు.

పైన చూస్తే అతుకు. అల్యూమినియం తీగకు ఎప్పుడో రాగి ముక్క మెలిపెట్టి వదిలేశారు. ఈ రెండు లోహాలు తడిలో కలిసి ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది, తెల్లని పొడి రాలుతుంది. అతుకు వదులై, వేడెక్కి, ఒకరోజు గాలికి తెగుతుంది. లైన్‌మన్ పాడైన ముక్క కోసేసి, తీగను మెరిసేదాకా గీకి, స్లీవు వేసి నొక్కాడు. నూట్రలు ముందు కలిపాడు, ఫేజు తర్వాత. విప్పేటప్పుడు దీనికి తిరగేసి, ఫేజు ముందు విప్పాలి. గోడ దగ్గర పని పిల్లగాడు చూసుకున్నాడు. వాన నీళ్ళు తీగ వెంబడి మీటరులోకి రాకుండా, కిందికి కారిపోయేలా తీగకు వంపు పెట్టాడు.

అక్కడే ఇంకొకటి బయటపడింది. సర్వీసు తీగను మోసే జీఐ తీగ, పింగాణీ బిళ్ళ లేకుండా నేరుగా గోడ కొక్కానికి చుట్టి ఉంది. అదే కొక్కానికి బట్టలు ఆరేసే ఇనుప తీగ దండెం కట్టారు. సర్వీసు తీగ తొడుగు ఎండకు పగిలి లోపలి లోహం జీఐ తీగను తాకితే చాలు, దండెం మొత్తానికి కరెంటు వస్తుంది. తడి బట్టలు ఆరేస్తూ ఆడవాళ్ళు చనిపోయారని పేపర్లో చదువుతుంటామే, అవి ఇట్లా జరిగేవే. పిల్లగాడు మాట్లాడకుండా కటింగు ప్లయరుతో దండెం తెంపేశాడు.

ఈ రాత్రి పని అతుకే, తీగంతా మార్చాలె అని ఇద్దరూ చెప్పే పోయారు. రెండు నెలలకు అటు పోతే అదే తీగ ఉంది. “దసరాకు ఏయిస్తం” అన్నాడు ఇంటాయన. కాలిన మోటరుకు వైండింగు చేయించాలంటే వేలకు వేలు అప్పు తెచ్చి పెడతాం. సర్వీసు తీగ దగ్గరికి వచ్చేసరికి పండుగ దాకా ఆగుతాం!

తప్పంతా రైతుదే అనను. ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ నియంత్రణ మండలి 2004లో పెట్టిన ప్రమాణాల్లోనే ఊళ్ళల్లో ఫ్యూజు పోతే 12 గంటల్లో, ట్రాన్స్‌ఫార్మరు కాలితే 48 గంటల్లో సరిచేయాలని రాసి ఉంది, చేయకపోతే వినియోగదారుకు పరిహారం ఇవ్వాలనీ ఉంది. ఈ మాట ఊళ్ళల్లో ఎందరికి ఎరుక? మీటరు దాకా వచ్చే లైను బాగోగులు కంపెనీవి. 1912కు ఫోను చేసి ఫిర్యాదు నెంబరు రాసుకోండి, ఊరికే లైన్‌మన్‌కు చెప్పి ఊరుకోవద్దు. నెంబరు ఉంటేనే లెక్క ఉంటుంది. ఒకే లైన్‌మన్‌కు నాలుగు ఊళ్ళు అప్పజెప్పి, గాలివాన రాత్రి అన్నిచోట్లా ఉండమంటే ఎట్లా ఉంటాడు? అతను రాకపోతే ఊళ్ళో పిల్లగాళ్ళు ఎక్కుతారు. వాళ్ళకు గ్లౌజులు ఉండవు, ఎర్త్ రాడ్డు ఉండదు. జరగరానిది జరిగితే మావాడు కాదంటారు.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నారు. 2024 మార్చి నుంచి అర్హులైన ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తోంది. సంతోషమే. బిల్లు సున్నా అయింది గాని తీగ పాతదే. వానకు ముందు ఊరూరా పాత సర్వీసులు చూసి, బాగాలేనివి మార్చే పని కంపెనీ పెట్టుకోవాలి. గ్రామసభలో మనం అడగాల్సింది కూడా అదే.

మీ ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ పెట్టించుకోగలిగితే పెట్టించుకోండి, కరెంటు దారి తప్పితే అది వెంటనే పడిపోతుంది. ఎర్తు మీద నడిపే ఇంట్లో మాత్రం అది నిలవనే నిలవదు. అట్లా పడిపోతోందని దాన్ని తీసేసిన ఇల్లు కూడా నేను చూశాను.

ఆ ఊరి ఇంటాయన దసరాకు తీగ మార్చాడో లేదో ఈసారి పోయినప్పుడు చూడాలి. దండెం మాత్రం మారింది. ఇప్పుడు రెండు వేపచెట్ల మధ్య ప్లాస్టిక్ తాడు కట్టుకున్నారు.