జూదమనే రోగంపై పరిశోధన కావాలి

సంక్రాంతికి నందిగామ, జగ్గయ్యపేట వైపు బరులు వెలుస్తాయి. కోడికి కత్తి కట్టేలోపే పైపందేలు ఖాయమైపోతాయి. పక్కనే గుండాట. కనుమ వెళ్లాక షామియానాలు విప్పేస్తారు గానీ, సెల్‌ఫోన్‌లో పేకాటకు ముగింపు లేదు. పొలం మీద తెచ్చిన అప్పు అర్ధరాత్రి బొటనవేలి కింద కరిగిపోతుంది. పరిటాలలోనైనా, ఎక్కడైనా ఇంట్లోవాళ్లు అనే మాట ఒకటే: ‘వాడికి బుద్ధి లేదు’.

ఆ మాట మానుకుందాం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లోనే జూద వ్యసనాన్ని రుగ్మతగా గుర్తించింది. 2013లో మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది. 2009లో పరిశోధకుడు లూక్ క్లార్క్ బృందం స్లాట్ యంత్రం లాంటి ఆటతో ఒక ప్రయోగం చేసింది. గెలుపు వెంట్రుకవాసిలో తప్పినప్పుడు కూడా, గెలిచినప్పుడు స్పందించే మెదడు భాగాలే స్పందించాయి. మళ్లీ ఆడాలన్న కోరికా పెరిగింది. ఒక్క ముక్క పడక ఓడినవాడు ఎందుకు లేవలేడో నాకు ఇది చదివాకే అర్థమైంది.

ఇలాంటి పరిశోధనకు అమెరికాలో ప్రత్యేక పురస్కారాలున్నాయి. వాటినిచ్చే సంస్థ 1996లో కాసినో పరిశ్రమ సొమ్ముతో మొదలైంది. పరిశోధకులను గౌరవించడం మంచిదే. ఆ డబ్బు ఎవరిదని అడగడమూ అవసరమే.

ఆన్‌లైన్ డబ్బు ఆటలను మన రాష్ట్రం 2020లో, కేంద్రం 2025లో నిషేధించాయి. అప్పటికే వ్యసనంలో పడ్డవారికి కావలసింది వైద్యం, దానికి దారిచూపే పరిశోధన. గుంటూరు, విశాఖ వైద్య కళాశాలల్లో ఈ వ్యసనంపై పరిశోధన చేసే యువ వైద్యులకు ఏటా ఒక పురస్కారాన్ని ప్రభుత్వ నిధులతోనే ఇవ్వాలని కోరుతున్నాం.