లూథెన్‌లో నడిచిన కాళ్ళు



1757 డిసెంబర్ 5న లూథెన్ దగ్గర ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ ఆస్ట్రియా సైన్యాన్ని ఓడించాడని చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. ఆ వాక్యంతోనే మాకు పేచీ.

రాజు దగ్గర ఉన్నది సుమారు 35 వేల మంది. అవతల 65 వేల దాకా ఉన్నారు. అందుకే తుపాకీ కంటే ముందు నడక పని చేయాల్సి వచ్చింది. తెల్లవారకముందే నాలుగు బారులుగా కదలమని ఉత్తర్వు. మధ్య రెండింటిలో కాల్బలం, అటూ ఇటూ గుర్రపు దళం. బోర్నా గ్రామం దగ్గర శత్రువుల ముందు దళాన్ని తరిమి, ఆస్ట్రియన్ల కుడివైపు మీద పడబోతున్నట్టు కనిపించారు. వాళ్ళు నమ్మి అదనపు బలగాన్ని అటు పంపారు. ఇంతలో ప్రష్యా సైన్యం దక్షిణానికి మళ్ళి, గుట్టల చాటున నడిచి, మధ్యాహ్నం ఒంటి గంట వేళకు వాళ్ళ ఎడమవైపు తేలింది.

చెప్పడం తేలికే. ప్రతి ప్లటూనూ ముందున్న ప్లటూనుకు తన వెడల్పంత దూరం పాటిస్తూ నడవాలి. దూరం పెరిగితే, పక్కకు తిరిగి వరుస కట్టినప్పుడు మధ్యలో సందు పడుతుంది. తగ్గితే ఒకరి మీద ఒకరు పడతారు. (ప్రేయర్‌లో మన నాలుగు వరుసలు సరిచేసేసరికే పి.ఇ.టి. సారు గొంతు పోతుంది!) భయంతో నడిచారని కొందరంటారు. భయం ఒక్కటే అంత కొలతగా నడిపించలేదు. అది పనితనం.

ఆ పనితనం ఎవరిది? కిరాయి విదేశీయులూ ఉన్నారు గానీ, చాలామంది పల్లెటూరి రైతుబిడ్డలే. 1733 నాటి కాంటన్ పద్ధతి ప్రకారం ఒక్కో రెజిమెంటుకు ఒక్కో ప్రాంతం రాసిచ్చారు. అక్కడి పిల్లల పేర్లు చిన్నప్పుడే పట్టీలో ఎక్కేవి. కలిగినవాళ్ళకు మినహాయింపులుండేవి. తూర్పు జిల్లాల్లో భూస్వామి అనుమతి లేనిదే రైతు ఊరు విడవకూడదు, పెళ్ళి చేసుకోకూడదు. సైన్యంలో అధికారులూ ఎక్కువగా ఆ యుంకర్ కుటుంబాల వాళ్ళే. ఊళ్ళో దొర దళంలోనూ దొరే. అడుగు తప్పితే బెత్తం.

యుద్ధానికి ముందు పార్చ్‌విట్జ్ దగ్గర రాజు సేనాధికారులను పిలిచి, ఇష్టం లేనివారు వెళ్ళిపోవచ్చు, నింద వేయనన్నాడట. వెనకాడిన పటాలానికి మాత్రం పతాకాలు, కత్తులు లాగేసుకుంటానన్నాడు. దీన్ని గొప్ప నాయకత్వానికి మచ్చుతునకగా చెబుతుంటారు. మాకలా అనిపించదు. ‘వెళ్ళిపోతాను’ అనే వీలు గదిలో ఉన్నవాళ్ళకే. బయట నిలబడ్డ సిపాయి అదే పని చేస్తే పారిపోయినవాడౌతాడు, రెండు వరుసల మధ్య నడిపించి బెత్తాలతో వీపు చీరేస్తారు.

ఫ్రెడరిక్ తెలివిని మేము కాదనడం లేదు. ఆ నేల మీద శాంతికాలంలోనే విన్యాసాలు చేయించాడు, ఏ గుట్ట ఎక్కడుందో ఆయనకు తెలుసు. కానీ ఆ సాయంత్రానికి చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి ప్రష్యన్లే ఆరు వేలకు పైగా ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ పాఠంలోనూ లేవు.

సైలీషియా రాజుకు దక్కింది. రైతును భూస్వామికి కట్టేసిన పద్ధతిని రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది మాత్రం 1807లో, అదీ నెపోలియన్ చేతిలో ప్రష్యా ఓడాక. అప్పటికి లూథెన్‌లో నడిచినవాళ్ళు ఎంతమంది బతికి ఉంటారు?