సౌలభ్యం ఎవరికి?

కంప్యూటరు తెరను గురించి ఇప్పుడు సాహిత్య విద్యార్థులూ చర్చిస్తున్నారు. మంచిదే. మనిషీ యంత్రమూ ఎదురుపడే చోటు ఇంజనీర్ల సొంత ఆస్తి కాదు గదా! అయితే ఈ చర్చలో ఒక వింతవాదం తలెత్తింది. సులువుగా వాడుకోవడమనేది పెట్టుబడిదారుడి కోరిక అట; మానవీయ దృష్టి గలవారు తెరను సందిగ్ధంగా, బహుళార్థాలతో, మనిషిని నిలిపి ఆలోచింపజేసేదిగా రూపొందించాలట.

అమెరికన్ విమర్శకురాలు జొహానా డ్రకర్ 2011లో ప్రకటించిన వ్యాసంలో, తెరను కేవలం పనిముట్టుగా చూడవద్దని వాదించింది. ఆ మాటలో సత్యముంది. దాన్ని అడ్డుపెట్టుకుని సౌలభ్యాన్నే శత్రువుగా ప్రకటించడంలో మాత్రం సత్యం లేదు. గిడుగు వ్యావహారికానికై పోరాడిన నాడు గ్రాంథికవాదులకూ సులువు చవకబారుతనంగానే తోచింది.

ఎదుటి శిబిరం సంగతేమిటి? పని ఎన్ని క్షణాల్లో అయింది, ఎన్ని తప్పులు పడ్డాయి, ఇంతే వారి లెక్క. 1911లో టేలరు శాస్త్రమని పేరుపెట్టిన ఫ్యాక్టరీ గడియారమే ఇది. దాన్ని ఎవరు పట్టుకున్నారో వారు అడగరు.

రేషను దుకాణానికి రండి. నాట్లు వేసి, కలుపు తీసి వేళ్ల గీతలు అరిగిన ముసలమ్మ వేలిముద్ర యంత్రంపై పడదు. ఎందుకు పడలేదో, ఇంకేం చేయాలో ఆమెకు చెప్పేవారుండరు. సందిగ్ధత ఆమెకు సౌందర్యం కాదు. ఆ పూట బియ్యం లేకపోవడం. డీలరు పని త్వరగా తెమిలిందన్న లెక్కలో ఆమె ఒట్టిచేతులతో వెనుదిరగడం కనబడదు.

ఈ రెండు వాదాలకూ ఆచరణలోనే జవాబు దొరికింది. 1981లో ఉత్తర ఐరోపా ముద్రణ కార్మికుల సంఘాలు స్వీడన్, డెన్మార్క్ పరిశోధకులతో కలిసి ‘యుటోపియా’ అనే ప్రయోగం ప్రారంభించాయి. పత్రిక పుటలు కూర్చే యంత్రం ఎలా ఉండాలో కార్మికులే తేల్చాలన్నది ఆశయం. పరిశోధకుల కాగితపు వర్ణనలు వారికి కొరుకుడు పడలేదు. అప్పుడు అట్టపెట్టెలతో నమూనా యంత్రాలు చేశారు. కార్మికులు వాటి ముందు నిలబడి, తమ పని తాము చేసి చూపి, ఏది కావాలో ఏది వద్దో చెప్పారు. అందులో పాల్గొన్న పెల్లే ఎన్ 1988లో రాసిన గ్రంథంలో మార్క్సూ ఉన్నాడు, విట్‌గెన్‌స్టయినూ ఉన్నాడు. అంటే సిద్ధాంతానికి కొదవ లేదు. అది కార్మికుడి చేతుల్లో పరీక్షకు నిలబడింది.

ఆ యంత్రం బజారును జయించలేదు, నిజమే. బజారు యజమానులది. కాని అడగవలసిన ప్రశ్న ఏదో అది తేల్చింది: ఈ సౌలభ్యం ఎవరికి, దాన్ని నిర్ణయించినదెవరు?

మిత్రులారా, తెరను విమర్శించండి. ముందుగా దాని ఎదుట వరుసలో నిలబడ్డవారిని అడగండి. వారి చేతికి అందని మానవీయత, ఎంత లోతైనదైనా, మనుషులది కాదు.