ఆ పొగ దేనికి?

1971లో వచ్చిన ‘టూ లేన్ బ్లాక్‌టాప్’లో పరుగులు తీసిన 1955 మోడల్ షెవ్రొలే, 1973లో వచ్చిన ‘అమెరికన్ గ్రాఫిటీ’ కోసం నల్లరంగు పూసుకుని హారిసన్ ఫోర్డ్ చేతికొచ్చింది. ఇలాంటి సినిమాల్లో పందేనికి ముందు వెనక చక్రాలు గిర్రున తిరిగి, గుప్పున పొగ లేస్తుంది చూశారూ, అదంతా ఈలల కోసమే అనుకోకండి!

డ్రాగ్ రేసు దూరం సంప్రదాయంగా పావు మైలు, అంటే 1320 అడుగులు. బయల్దేరేటప్పుడు చక్రం జారిందా, పందెం పోయినట్టే. గాట్లు లేని నున్నటి ‘స్లిక్’ టైర్లు వేడెక్కితేనే రబ్బరు మెత్తబడి ట్రాకును పట్టుకుంటుంది. అందుకే ముందు నీళ్లలో తడిపి, తిప్పి, పొగ రాగానే గీత దగ్గరికి తెస్తారు.

మరి రోజూ ఆఫీసుకు తిరిగే కారుతోనే పందేనికొచ్చిన ఔత్సాహికుడో? హీరోలా పొగ లేపాడంటే పని గోవిందా! మామూలు టైరు మరీ కాగితే పట్టు తప్పుతుంది. గాట్లలో చేరిన నీళ్లు గీత దాకా వెంట వస్తాయి. అతగాడు నీళ్లను తప్పించుకుని పక్కనుంచి వెళ్లి, చక్రం ఒక్కసారి తిప్పి దుమ్మూ, ఇసకా దులుపుకుంటే చాలు.

హీరోగారి టైర్ల బిల్లు నిర్మాత కడతాడు. ఇతను మాత్రం ఆ టైర్ల మీదే ఇల్లు చేరాలి!