వినలేకపోయిన గోష్ఠి
తాము పుట్టకమునుపే ముగిసిన కచేరీలలో నేది వినగోరుదురని సంగీతప్రియులను అడిగినచో, బాలుడైన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు విజయవాడలో తొలిసారి గళమెత్తిన సభనే పలువురు పేర్కొందురు; ఆ కోరిక నాకును కలదు. కాని 1948లో వెలసిన విజయవాడ ఆకాశవాణి పుణ్యమా యని ఆయన పాడిన రామదాసు కీర్తనలు నేటికిని మన చెవులబడుచునే యున్నవి గనుక, నా మనస్సు అంతకు నూఱేండ్లకు పైగా వెనుకకు, భద్రాద్రికే పరువిడును. నేలకొండపల్లిలో జన్మించి, పాల్వంచ పరగణాకు తహసీలుదారై, గోలకొండ చెఱసాలలో మ్రగ్గి, రామదాసుగా పేరొందిన కంచెర్ల గోపన్న కీర్తనలను, గుంటూరు సీమనుండి తరలివచ్చిన తూము నరసింహదాసు (1790–1833) భద్రాద్రి రాముని కోవెలలో మరల మ్రోగించి, స్వామి నిత్యోత్సవములకు క్రమము నేర్పఱచెను. క్రింద గోదావరి, చుట్టును అడవి, చిరతల మ్రోతలో దాసుగారు పల్లవి అందుకొనగా యాత్రికులెల్లరు దానిని మరల అందుకొను ఆ గోష్ఠి ఏ యంత్రమునకును చిక్కలేదు! విద్వాంసుడొక్కడు వేదికపై రాగవిస్తారముతో పాడుట ఘనమైనదే. అయినను రామదాసు కీర్తన పదిమంది గొంతు కలుపుటకై పుట్టినదని నా దృఢవిశ్వాసము, అట్లు కలిపి పాడించిన మహానుభావుని వినలేకపోతినే యన్న వెలితి నాకు ఏ ధ్వనిముద్రికతోను తీరుటలేదు.