చక్కెర పెరిగితే బిడ్డను నిందించకండి



పోయిన మార్చిలో గృహదర్శనానికి వెళ్ళినప్పుడు ఒక తల్లి తన కుమారుని చక్కెర లెక్కలు రాసిన నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. "చూడండి అయ్యగారూ, 150 ఉండేది 300 దాటింది. దొంగచాటుగా తీపి తింటున్నాడు" అని కంటతడి పెట్టింది. పదో తరగతి చదువుతున్న ఆ పిల్లవాడికి తొమ్మిదో ఏటనే టైప్ 1 మధుమేహం వచ్చింది. వాడు తల వంచుకుని, "నేనేమీ తినలేదండీ" అన్నాడు.

తలిదండ్రులారా, వాడి మాట నిజమే కావచ్చు. మనిషి భయపడినా, దిగులుపడినా శరీరం ఆపదను ఎదుర్కోవడానికి సిద్ధపడుతుంది. ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులు రక్తంలోకి వస్తాయి. అవి కాలేయంలో నిల్వ ఉన్న చక్కెరను బయటకు రప్పిస్తాయి, ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. ఆరోగ్యవంతులకైతే క్లోమం వెంటనే మరికొంత ఇన్సులిన్ ఇచ్చి సరిచేస్తుంది. ఈ పిల్లల క్లోమానికి ఆ శక్తి లేదు. అందుచేత మిఠాయి ముట్టకుండానే చక్కెర పెరగవచ్చు. ఎదిగే వయస్సులోని హార్మోనులు కూడా ఇన్సులిన్‌కు అడ్డుపడతాయి.

అందరికీ ఒకేలా జరగదు. దిగులుతో అన్నం మానేసి ఇన్సులిన్ మాత్రం వేసుకుంటే చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు కనబడి 70 కంటే తగ్గితే, తెలివిలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి. పావుగంటకు మళ్ళీ పరీక్షించండి.

నిందిస్తే ఏమవుతుంది? బిడ్డ భయం ఇంకా పెరుగుతుంది. అంకెలు దాస్తాడు, ఇంజెక్షను ఎగ్గొడతాడు. అప్పుడు వ్యాధి నిజంగానే చేయిదాటుతుంది. కనుక పరీక్షల రోజుల్లో చక్కెర ఎక్కువసార్లు చూడండి. మోతాదు విషయం డాక్టరుగారితో మాట్లాడండి. బడిలో ఉపాధ్యాయులకు ముందే చెప్పి ఉంచండి. చక్కెర పెరిగి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ప్రార్థన చేస్తున్నాము గదా అని ఇన్సులిన్ మాన్పించకండి. 1922 జనవరిలో టొరంటోలో ఈ మందు మొదట పొందినవాడు 14 ఏళ్ళ కుర్రవాడే. అంతకుముందు ఈ వ్యాధి సోకిన పిల్లలు ఎక్కువకాలం బ్రతికేవారు కారు. ఆ మందు కూడా దేవుని దయే.

ఆ రోజు ఆ తల్లితో, "ఏం తిన్నావని కాదమ్మా, ఏమైందని అడగండి" అన్నాను. ఆమె కొడుకు తల నిమిరి, "ఏమైందిరా నాన్నా?" అంది. వాడు కాసేపు ఊరకుండి, "లెక్కల పరీక్ష తప్పుతానేమోనని నిద్ర పట్టడం లేదమ్మా" అన్నాడు.

ఆ మాట నోటుపుస్తకంలో ఎక్కడా లేదు.